బూరె పిల్లి పథ్యం

మేడ మీది వాటాలోకి మధ్యాహ్నపు ఎండ పరదాల గుండా పల్చగా జారుతోంది. కుర్చీ కింద బూరె అనే పిల్లి కలగంటోంది. కలలో గదంతా పాలే. మంచం కోళ్ల దాకా వెచ్చటి పాలు, పైన తేలుతూ వచ్చే మీగడ తెరలు. ఒక తెర మీసాలకు తగిలింది. నోరు తెరిచేసరికి, పాపం, మెలకువ వచ్చేసింది.

ఎదురుగా గిన్నె, అందులో చిటికెడు అన్నం, చేప తోక. "ఇది పిల్లి కాదమ్మా, దిండు. తిండి తగ్గించకపోతే మీకు దక్కదు" అన్నాడు ఆ మధ్య పశువుల డాక్టరు. ఆనాటి నుంచి యజమానురాలు హైమవతి కొలిచి పెడుతోంది. పెట్టినప్పుడల్లా "నన్ను తిట్టుకోకే" అని బతిమాలుతోంది. ఒంటరి మనిషి, పిల్లి అలిగి ఎటైనా పోతుందేమోనని ఆమె బెంగ. బూరెకు ఆ బెంగ పట్టదు. దాని ప్రాణమంతా గిన్నెలోనే ఉంది.

కిటికీ మీద కాకి వాలింది.

"ఏం మరదలా, చిక్కిపోయావు?"

"కడుపు మాడ్చేస్తోంది బావా. పాల ఊసే లేదు."

"ఏనాడైనా ఆవిడ ఒళ్లో కూర్చున్నావా? తినడం, బీరువా ఎక్కి పడుకోవడం! ఇవాళ ఒళ్లో చేరి గురగురలాడు. మురిసిపోయి గిన్నె నింపేస్తుంది. అందులో సగం నాది."

"నటించడమేగా? అదెంత పని!"

ఆ సాయంత్రం అన్నం తినగానే బూరె హైమవతి ఒళ్లోకి ఎక్కింది. చీర కుచ్చెళ్లలో ముఖం దాచి గురగురలాడింది. పొయ్యి మీద కూర మాడుతున్నా హైమవతి లేవలేదు. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. బూరె మాత్రం ఓరకంట గిన్నెనే చూస్తోంది.

రోజూ ఇదే వరస. గిన్నె మాత్రం నిండలేదు. చివరికొకనాడు, పిల్లిని ఒళ్లో ఉంచుకునే హైమవతి ఫోను ఎత్తింది. కిటికీలో కాకి మెడ సాచింది.

"డాక్టరుగారూ, మీరు చల్లగా ఉండాలి! నా మీద పగ పడుతుందని హడలిపోయాను. ఇదివరకు తిని దాని దారిన అది పోయేది. తిండి తగ్గించాక నా ఒళ్లోంచి దిగడం లేదు! ఇక జన్మలో దాని తిండి పెంచను."

"కొంప మునిగింది!" అంది కాకి. "దిగవే మరదలా! రక్కు, కరువు! ఇంకా ఎందుకీ నటన?"

బూరె కళ్లు మూతలు పడుతున్నాయి. "ఉండు బావా... చెవి వెనక గోకుతోంది. అయ్యాక దిగుతా."

అది ఎంతకీ అవలేదు. కాకి తిట్టుకుంటూ ఎగిరిపోయింది.

నీతి: ప్రేమ నటించేవాళ్లు జాగ్రత్తగా ఉండాలి, అది అలవాటైపోతుంది.