అతిథి సిస్టమ్‌కు రెండు పాళ్లు

మంచుకోన అడవిలో తెల్లవారాక కూడా చెట్లు నిద్రలోనే ఉండేవి. పొగమంచు కొమ్మల మీంచి పాలలా జారేది. ఆ అడవిలో ఏనుగులు, జింకలు, కొండముచ్చులు, ఉడుతలు ఉండేవి. ఒక ఇప్పచెట్టు తొర్రలో ఒక కంప్యూటర్ కూడా ఉండేది. ఆకుల మీద పడే ఎండ తాగి అది పనిచేసేది.

దాన్ని చూసుకునేది ఉడుత గవరమ్మ. తుడిచేది ఆమె, తీగలు సరిచేసేది ఆమె. పేరు మాత్రం అడవిపెద్ద కొండముచ్చు దండపాణిది.

ఏనుగుల పెద్దవ్వ చనిపోయే ముందు, తను నడిచిన నీటిదారులన్నీ ఆ కంప్యూటర్‌లో బొమ్మగా గీసి పెట్టింది. ఎంత ఎండలోనూ ఎండని మడుగు ఎక్కడుందో అందులోనే ఉంది.

ఒక వేసవిలో పిడుగు పడి కంప్యూటర్ కాలిపోయింది. బొమ్మ ఉన్న డిస్కును గవరమ్మ నోట కరుచుకుని కాపాడింది. కొత్త కంప్యూటర్ వచ్చింది. కానీ దాన్ని నడిపించడానికి వెంట వచ్చిన రెండు మూడు ఆపరేటింగ్ సిస్టమ్‌లూ కొత్తవే. పెద్దవ్వ బొమ్మ పాత సిస్టమ్‌లో తప్ప తెరుచుకోదు.

ఈలోగా వాగు ఎండిపోయింది. ఏనుగు నీలవేణి బిడ్డ రెండు రోజులుగా తడిమట్టి నాకుతోంది.

"గవరమ్మా, ఈ రోజే బయల్దేరాలి. రేపటికి వీడు నడవలేడు" అంది నీలవేణి.

"దారి ఉందక్కా. ఈ కంప్యూటర్ చేత ఒక కల కనిపిద్దాం. ఆ కలలో పాత కంప్యూటర్ ఉంటుంది. దాన్నే వర్చువల్ మెషీన్ అంటారు. కల కనేది ఇంటి సిస్టమ్. కలలోకి వచ్చేది అతిథి సిస్టమ్. మన అతిథి ఈ డిస్కులో మిగిలిన పాత సిస్టమే. కొత్తవాటిలో ఇల్లు ఏదో సరిగ్గా ఎంచుకోవాలి."

దండపాణి తోక విదిలిస్తూ కొమ్మ దిగాడు. "లే అమ్మాయ్! ఎంచుకోవడానికి నేనున్నాను. నువ్వు తుడుచుకో, చాలు."

అతను తెర మీద నెమళ్లు నాట్యమాడే సిస్టమ్‌ను ఇల్లుగా ఎంచుకున్నాడు.

"మావయ్యా, అది సగం మెమరీ తన సింగారానికే తినేస్తుంది" అంది గవరమ్మ. మెమరీ అంటే కంప్యూటర్‌కు తిండి లాంటిది. అక్కడున్నది మొత్తం పదహారు పాళ్లు.

"అడవిపెద్ద ఇల్లు ఆ మాత్రం ఉండొద్దూ? పదహారు పాళ్లూ అతిథికే పెట్టేస్తున్నా. మా ఇంటి మర్యాద అది."

"మరి ఇంటికి?"

"ఇల్లన్నాక ఎలాగోలా సర్దుకుంటుంది."

గవరమ్మ దండపాణి భార్య గిరిజ వైపు చూసింది. వాళ్లింటికి రోజూ అతిథులే. వాళ్లు తిని లేచాక రాలిన తొక్కలే గిరిజ భోజనం. ఆమె పక్కటెముకలు లెక్కపెట్టవచ్చు.

"మీ ఇంట్లో సర్దుకునేదెవరో కనిపిస్తూనే ఉంది మావయ్యా" అంది గవరమ్మ.

దండపాణి మీట నొక్కాడు. నెమళ్లు పురి విప్పాయి. విప్పినవి విప్పినట్టే బిగుసుకుపోయాయి. తినడానికేమీ లేక ఇల్లు సొమ్మసిల్లింది. ఇంటితో పాటు అతిథీ ఆగిపోయింది. మళ్లీ నొక్కాడు. మళ్లీ అంతే. మూడోసారికి ఎండ నడినెత్తికి వచ్చింది. ఏనుగు బిడ్డ మోకాళ్ల మీద కూలబడింది.

"ఇక లేవండి. ఆమెను కూర్చోనివ్వండి" అని వినిపించింది.

ఆ గొంతు గిరిజది. అడవి ఆ గొంతు వినడం అదే మొదటిసారి. దండపాణి లేచాడు.

గవరమ్మ ఏ సింగారమూ లేని సాదా సిస్టమ్‌ను ఇల్లుగా పెట్టింది. అతిథికి రెండు పాళ్లు ఇచ్చింది. "పాత సిస్టమ్ తక్కువ తిని పెరిగిందక్కా. దానికిది కడుపునిండా భోజనం." దాన్ని ఇంటర్నెట్‌తో మాత్రం కలపలేదు. పాతదానికి ఈ కాలపు దొంగలు తెలియరు మరి.

తెర మీద సన్నటి నీలివెలుగు పరుచుకుంది. కొత్త కంప్యూటర్ కల కంటోంది. ఆ కలలో పొగమంచు, మంచులో పెద్దవ్వ అడుగులు. ఒక్కొక్క అడుగూ వెలుగుతూ తూర్పు కొండ వెనక్కి వెళ్లింది. నీలవేణి కళ్లార్పకుండా దారంతా గుర్తుపెట్టుకుంది. బిడ్డను తొండంతో లేపి, ఆ అడుగుల్లోనే అడుగులేస్తూ నడిచింది. అడవంతా ఆమె వెనకే కదిలింది.

పొద్దు వాలేసరికి కొండ వెనక మడుగు కనిపించింది. నీళ్లు చిన్నగా మెరుస్తున్నాయి.

ముందు బిడ్డలు తాగారు. తరవాత తల్లులు తాగారు. దండపాణి ముందుకు రాబోతే గిరిజ చెయ్యి అడ్డం పెట్టింది. తనే వంగి, తొందరపడకుండా, కడుపునిండా తాగింది. అడవిపెద్ద వంతు వచ్చేసరికి ఒడ్డున బురదనీళ్లే మిగిలాయి.

అతను గవరమ్మ వైపు చూశాడు.

"ఎలాగోలా సర్దుకో మావయ్యా" అంది గవరమ్మ.

నీతి: అతిథికి కావలసినంత పెట్టాలి, ఇంటికి నిలబడేంత ఉంచాలి, ఇంటిని పస్తు పెట్టే మర్యాద అతిథినీ బతకనివ్వదు.