ఖాళీగా ఎవరూ లేని అడవి

నల్లగుట్ట అడవిలో ఆ ఏడు బేరాలు పడిపోయాయి. పక్క అడవి వాళ్లు నువ్వుల నూనె కొనడం మానేశారు. కొనేవాళ్లు లేక గానుగ ఆగిపోయింది. గానుగెద్దు గవరయ్య మెడ మీంచి కాడి దిగింది. బస్తాలు మోసే గాడిద పోలమ్మకి వీపు ఖాళీ అయింది. రాలిన తెలకపిండి ఏరుకుతినే కోడిపెట్ట సీతాలుకి ఉత్త మట్టి మిగిలింది.

మృగరాజు మంచివాడే. కాకపోతే పొద్దున తిన్నాక ఒక కునుకు, మధ్యాహ్నం తిన్నాక ఇంకో కునుకు తీయాలి. అందుకని నక్క పానకాలుని పిలిచి, నిరుద్యోగ నివారణ మంత్రిని చేసి, పని లేనివాళ్లకి రోజుకి మానెడు ఉలవలు ఇమ్మని గుహ నిండా ఉలవలు పోయించి తాళం చేతికిచ్చాడు. నక్క ఉలవలు తినదు కదా అని ఆయన ధీమా. ఉలవల కోసం కౌజుపిట్టలు గుహలో దూరతాయని, కౌజులంటే నక్కకి ప్రాణమని ఆయనకి తట్టలేదు.

గవరయ్య ఇంట్లో ఆవు ఈని పది రోజులైంది. మేత లేక పాలు ఎండిపోయాయి. దూడ లేచి నిలబడలేకపోతోంది. కాసిని ఉడకబెట్టిన ఉలవలు పడితే ఆవు పాలు చేపుతుంది. గవరయ్య ఆశంతా ఆ గుహ మీదే ఉంది.

అయితే అతనికో అలవాటు. పన్నెండేళ్లు గానుగ చుట్టూ తిరిగిన కాళ్లు ఊరికే ఉండవు. పొద్దున్నే వెళ్లి, కాడి లేకపోయినా, ఆగిన గానుగ చుట్టూ ఓ వంద చుట్లు తిరిగి వచ్చేవాడు. కళ్లకి గంతలు లేకపోయేసరికి, ఇన్నాళ్లూ తిరిగింది ఇంత చిన్నచోటా అని తెగ ఆశ్చర్యపోయేవాడు.

పానకాలు లెక్క రాసుకోవడానికి సరిగ్గా అప్పుడే వచ్చాడు.

"ఏం గవరయ్య మావా, పని బాగానే సాగుతోందే?"

"పనెక్కడిది మంత్రిగారూ? గానుగలో గింజ లేదు. ఊరికే తిరుగుతున్నా."

"గింజ సంగతి గానుగ చూసుకుంటుంది. తిరగడం నీ పని. తిరుగుతున్నావుగా?" అని, పని ఉన్నట్టు రాసుకుని వెళ్లిపోయాడు.

మట్టి గీకుతున్న సీతాలుకి తవ్వకం పని ఉందన్నాడు. తెల్లారకముందే గుహ ముందు వరసలో నిలబడ్డ పోలమ్మకి నిలబడే పని ఉందన్నాడు. గుహ తలుపు తెరవలేదు.

సంగతి విన్న ఆవు గవరయ్యని కడిగిపారేసింది. నీ తిరుగుడే బిడ్డ నోట్లో మట్టికొట్టింది అంది. గవరయ్యకి సిగ్గేసింది, ఏడుపొచ్చింది. ఏం చెయ్యాలో తోచక మళ్లీ గానుగ దగ్గరికే పోయాడు, కాళ్లు కదిలితే గానీ అతని బుర్ర కదలదు మరి. నలభయ్యో చుట్టులో ఆగి, తల ఆడించి, ఇంటికొచ్చేశాడు.

మర్నాడు సభలో పానకాలు, మన అడవిలో పని లేనివాళ్లు ఒక్కరూ లేరని చాటాడు. మృగరాజు సంతోషంగా ఆవులించాడు. గవరయ్య లేచాడు.

"మంత్రిగారి చలవ ప్రభూ. మా కోసం బాగా చిక్కిపోయారు. ఇక వారిని ఇంటికి పంపించండి."

"ఎందుకూ?"

"నిరుద్యోగమే లేకపోతే వారు నివారించేదేముంది?"

మృగరాజుకి సబబుగా తోచింది. "నిజమే. పానకాలూ, తాళం ఇచ్చేసి వెళ్లు."

పానకాలు తాళం వెనక్కి దాచుకున్నాడు. "తొందరపడకండి ప్రభూ. ఇంకా ఒకరిద్దరు మిగిలారు."

"ఒకరిద్దరికి మంత్రెందుకు? మేమే చూసుకుంటాం," అన్నాడు గవరయ్య.

"ఒకరిద్దరు కాదు, ఇరవైమంది!"

"ఇరవైమందికి గుమస్తా చాలు కదా ప్రభూ?"

"అందరూనూ!" అని అరిచాడు పానకాలు. "ఈ గవరయ్యకే పని లేదు, ఒట్టి గానుగ చుట్టూ తిరుగుతుంటాడు! పోలమ్మకి లేదు, సీతాలుకి లేదు. ఈ అడవిలో పని ఉన్నది నాకొక్కడికే!"

అన్నాక గానీ ఏమన్నాడో అతనికి తెలియలేదు. మృగరాజుకి ఆ రోజు కునుకు పట్టలేదు. లేచి వెళ్లి గుహ తెరిపించాడు. ఉలవలు సగమే ఉన్నాయి, మూల కౌజు ఈకల గుట్ట ఉంది. మంత్రి పదవి ఊడింది. వరసలో నిలబడ్డ అనుభవం ఉందని తాళం పోలమ్మకి ఇచ్చారు. ఆ వారంలోనే ఆవు చేపింది, దూడ లేచి గంతులేసింది.

ఆకలి ముదిరితే నక్కయినా ఉలవలు తింటుంది. కొన్నాళ్లకి పానకాలు కూడా గుహ దగ్గరికి వచ్చాడు. వరస ఎంతకీ కదలక అటూ ఇటూ పచార్లు చేస్తున్నాడు. ఇతనికేమని రాయమంటావన్నా అని పోలమ్మ అడిగింది.

గవరయ్య తన మానెడు ఉలవలు మూట కట్టుకుంటూ అటు చూశాడు.

"తిరుగుతూనే ఉన్నాడుగా చెల్లెమ్మా. పని ఉన్నట్టే రాయి."

నీతి: ఒకరి ఖాళీ కడుపుని కాగితం మీద నింపినవాడికి, తన ఆకలి రోజున ఆ కాగితమే వడ్డిస్తారు.