తేరిన చెలమ

వాగు ఎండి పద్దెనిమిది రోజులైంది. ఏటా ఈ ఎండల్లో ఏనుగవ్వ ఇసుకలో కాలితో గుంట తవ్వి చెలమ తీసేది. ఆమె తాగాక జింకలు, కుందేళ్ళు, ఆఖరికి ఉడతలు కూడా ఆ ఊటే తాగి బతికేవి. ఈ ఏడు ఆమెకు చోటు గుర్తు రాలేదు.

మూడో గుంటా పొడిగానే ఉంది.

"అవ్వా, నిన్న తవ్విందీ ఇక్కడే," అంది నక్క, జాలిపడుతున్నట్టు. "కాస్త గట్టిగా ఆలోచించు. మద్దిచెట్టు పక్కనా? బండ కిందా? పోయినేడు నీతో ఎవరున్నారు?"

అడిగినకొద్దీ అవ్వ తలలో అంతా కలగాపులగమైంది. మద్దిచెట్టు ఏ ఒడ్డునుందో కూడా తోచలేదు. నీళ్ళ చోటే మరిచినదాన్ని, రేపు పిల్లల పేర్లు మరిచిపోనా అని లోలోపల వణికింది.

"ఇక నా వెంట రండి," అంది నక్క. "కొండ అవతల మడుగుంది. ఒక్క పగటి నడక."

"మా కూనలు అంత దూరం నడవలేవు బావా," అంది జింక.

"నడవలేనివాటిని మావాళ్ళు చూసుకుంటారులే."

కుందేలు గట్టెక్కి అవ్వ చెవి దగ్గరకొచ్చింది. "ఆ దారి పొదల్లో వాళ్ళ చుట్టాలు తొమ్మిదిమంది పొంచి ఉన్నారవ్వా. పొద్దున చూశాను."

అవ్వ నక్కకేసి చూసి, "కాసేపు నోరు మూసుకో నాయనా," అని నిలబడిపోయింది. గుర్తు తెచ్చుకోవడం మానేసింది. నేనే నీళ్ళనైతే ఎటు పోతాను? ఎత్తుకు పోను. బండతో పోట్లాడను, చుట్టూ తిరిగి పోతాను. అందరూ తొక్కే పల్లంలోకి పోయి కూర్చుంటాను. అలా పల్లం వైపే ఒక్కో అడుగూ వేస్తూ వాగు మలుపు దాకా వచ్చింది. అరికాలికి చల్లగా తగిలింది.

తవ్వింది. మూరెడు లోతున ఇసుక నల్లబడి, నీరు ఊరింది.

నక్క ఒక్క దూకుతో గుంటలో దిగి నాలుగు కాళ్ళతో కలబెట్టింది. "చూశారా, ఒట్టి బురద. తాగితే ప్రాణాలు దక్కవు. పదండి, పదండి."

జింకలు లేచాయి. అవ్వ కంగారు పడలేదు. తొండంతో నక్కను ఎత్తి గట్టు మీద కూర్చోబెట్టింది.

"బురద నీళ్ళది కాదు, నీ కాళ్ళది. ఇందాక నా తలలోనూ ఇలాగే దిగావు."

ఎవరూ కదల్లేదు. కాసేపటికి చెలమ తేరింది. అడుగున ఇసుక రేణువులు కనిపించాయి. వాటితో పాటే అవ్వకు పోయినేడూ కనిపించింది. ఇదే మలుపు. మద్దిచెట్టు అవతలి ఒడ్డున. వచ్చే ఏడు మళ్ళీ మరిచిపోవచ్చు. పోతే పోనీ, పల్లం ఎటో కాలికి తెలుస్తుంది.

కూనలు తాగాయి, ఉడతలు తాగాయి. నాలుక వేలాడేసుకున్న నక్క అందరి తర్వాత వచ్చి, ముందుకాళ్ళు మడిచి, తల కిందికి దించి తాగింది. కొండదారి పొదల్లో దాని చుట్టాలు పొద్దు గూకేదాకా ఎదురుచూస్తూనే ఉన్నారు.

కలబెట్టడం ఆపితే నీళ్ళూ తేరతాయి, మనసూ తేరుతుంది.