పదో పూట మానేసిన కొండముచ్చులు

ఎర్రబండల అడవిలో దుప్పులు, నెమళ్లు, కొండముచ్చులు, ఒక ముసలి ఎలుగుబంటి ఉండేవి. ఈ కథ కొండముచ్చులది. మిగతావాటికి ఇందులో పని లేదు.

కొండముచ్చుల గుంపు వాగు పక్కనున్న మూడు మేడిచెట్లను నమ్ముకుని బతికేది. ఆ గుంపులో పెద్దల నాటి నుంచి ఒక కట్టుబాటు ఉంది. తొమ్మిది పూటలు తెలిసిన మేడిచెట్ల మీదే తినాలి. పదో పూట మాత్రం ఎవరూ ఎరగని చెట్టు దగ్గరికి పోవాలి. రుచి చూసి, దారి గుర్తుపెట్టుకుని రావాలి. పదో పూట అంటే పదో పూటే. ఎనిమిదోది కాదు, పన్నెండోది కాదు.

ఒక పదో పూట చుక్కి అనే కొండముచ్చు అందరినీ ఒక వెలగచెట్టు దగ్గరికి తీసుకుపోయింది. చుక్కికి మల్లి అని ఒక అక్క ఉంది. మల్లి అందరికంటే ముందు దూకి కాయ పగలగొట్టి కొరికింది. అది పచ్చికాయ. వగరుకు గొంతు పట్టుకుపోయి, కళ్ల నీళ్లు కారి, కొమ్మ మీంచి జారి కింద పడింది. గుంపంతా నవ్వింది. చుక్కి కూడా నవ్వింది.

మల్లి ఆ నవ్వు మరిచిపోలేదు. ఎవరెవరు నవ్వారో, ఏ కొమ్మ మీద కూర్చుని నవ్వారో కూడా దానికి గుర్తే.

కొన్నాళ్లకు మల్లి గుంపుకు పెద్ద అయింది. అయిన రోజే పదో పూట మాన్పించింది. ఎదురుగా మేడిపళ్లుంటే కొండలు పట్టుకు తిరగడం దేనికని అడిగింది. నడక తప్పింది కదా అని గుంపు కూడా సరేనంది. చుక్కి ఒక్కటే ఒప్పుకోలేదు.

"పోవాలంటే పో," అంది మల్లి. "మళ్లీ ఈ కొమ్మ తొక్కొద్దు."

చుక్కి, కొత్త చోట్లంటే ఉబలాటపడే నాలుగు కుర్ర కొండముచ్చులను వెంటబెట్టుకుని లోయ అవతలికి పోయింది. అక్కడ ఆ నాలుగూ రోజూ కొత్త చోటుకే పోదామని గోల పెట్టేవి. రోజంతా వెతుకుతూ ఉంటే కడుపెప్పుడు నిండుతుందని చుక్కి కసిరేది. తొమ్మిది పూటలు కదలనిచ్చేది కాదు. పదో పూట కూర్చోనిచ్చేది కాదు.

ఇవతల ఏడేళ్లు మేడిచెట్లు విరగకాశాయి. మల్లి చేసిందే సరైనదని అందరూ అనుకున్నారు. ఎనిమిదో ఏడు వానలు లేవు. వాగు ఎండింది. మేడిచెట్లు పళ్లు సరే, ఆకులు కూడా రాల్చేశాయి. వేరే చెట్లు వెతకడానికి పోయినవాటికి ఏ దారి ఎటు పోతుందో తెలియలేదు. ఏ కాయ తిండో, ఏ కాయ విషమో అంతకన్నా తెలియలేదు. ఉన్న ఓపిక కూడా పోగొట్టుకుని తిరిగొచ్చాయి.

మల్లి కూతురు రంగికి అప్పుడే పిల్ల పుట్టింది. తిండి లేక రంగికి పాలు ఇంకిపోయాయి.

"అమ్మా, పిన్ని దగ్గరికి పోదాం. దానికి చెట్లు తెలుసు," అంది రంగి.

"నన్ను చూసి నవ్విన దాని ముందు చెయ్యి చాపమంటావా? రేపు చూద్దాం," అంది మల్లి.

మర్నాడు కూడా రేపే అంది. మూడో రోజు పిల్ల ఏడవడం మానేసింది. అప్పుడు మల్లి లేచింది. గుంపును తీసుకుని లోయ దాటింది.

చుక్కి అక్కను చూసి గబగబా చెట్టు దిగింది. ఒక్క మాట కూడా దెప్పలేదు. మొర్రిపళ్లు ఎక్కడున్నాయో, తునికిపళ్లు ఎక్కడున్నాయో, నీటి ఊట ఎక్కడుందో గుంపుకు చూపించింది. తర్వాత రంగి దగ్గరికి వచ్చి, దాని ఒడిలో ఉన్న పిల్ల ఒంటి మీద చెయ్యి వేసింది. ఒళ్లు చల్లగా ఉంది.

"నిన్న వచ్చినా బతికేదక్కా," అంది మెల్లగా.

ఆ పూట గుంపంతా కడుపునిండా తింది. మల్లి బాగా మగ్గిన మొర్రిపండు ఏరి కూతురికి అందించింది. రంగి దాన్ని ముట్టుకోలేదు. లేచి పోయి చుక్కి పక్కన కూర్చుంది. మల్లి ఆ పండు పట్టుకుని అక్కడే ఉండిపోయింది.

నీతి: తెలిసిన చెట్టు కడుపు నింపుతున్న రోజుల్లోనే అప్పుడప్పుడూ తెలియని చెట్టును చూసి రావాలి. పాత కోపం కోసం ఆ దారి మూసుకున్నవాడు, ఆకలి రోజున తనవాళ్లను పోగొట్టుకుంటాడు.