అచ్చయ్య కొండకు ఆ పేరు వచ్చిన వైనం

కుంచలి గ్రామానికి పడమరగా, ఏటి ఒడ్డున లేచిన కొండ మీద శ్రీ అక్షయేశ్వరస్వామివారు కొలువై ఉన్నారు. గర్భాలయ ద్వారం మీద చెక్కిన పేరు ఇదే. అయితే బస్సు దిగి అక్షయేశ్వరాలయానికి దారి ఎటని అడిగితే ఇక్కడివారు ఒక్క క్షణం తడుముకుంటారు. అచ్చయ్య కొండ అంటే మాత్రం చంటిపిల్లలు సైతం చేయెత్తి చూపుతారు. నోరు తిరగని ఒక ఇల్లాలి పిలుపును స్వామి తన పేరుగా స్వీకరించిన వైనం యాత్రికులు తెలుసుకోదగినది.

పూర్వం ఇక్కడ ఆలయం లేదు. కొండ మీద పర్ణశాల కట్టుకొని విశ్వపతి శాస్త్రి అనే పండితుడు పన్నెండేళ్లు తపస్సు చేశాడు. ఒక వేకువజామున స్వామి ఆయనకు కలలో కనిపించి, "నేను అక్షయేశ్వరుడను. ఏటి మలుపులో ఇసుక కింద ఉన్నాను. తొలకరి వరద రాకముందే నన్ను కొండకు చేర్చు" అని ఆనతిచ్చాడు. తవ్వించి చూడగా నిలువెత్తు నల్లరాతి లింగం బయటపడింది.

అంత బరువును కొండ ఎక్కించడానికి బండలు లాగే నలభైమంది వచ్చారు. వారికి పాట చెప్పే మనిషి దాలమ్మ. ఆమె పిలుపు అందుకొని నలభైమందీ ఒక్కసారి మోకు గుంజితే ఎంతటి బండైనా కదలవలసిందే. ఆమె భర్త పోలయ్య ముందువరుసలో మోకు పట్టేవాడు. దాలమ్మ కొంగు నడుముకు బిగించి, స్వామి పేరు తనకు వచ్చినట్టు ఎత్తుకుంది.

"అచ్చయ్యా... రారా! అచ్చయ్యా... లేరా!"

లింగం ఇసుకలోంచి గుర్రపు పరుగున వచ్చి కొండ మొదట నిలిచింది. కాని శాస్త్రి చెవులు మూసుకున్నాడు.

"అక్షరం చెడితే మంత్రం చెడుతుందమ్మా. అక్షయేశ్వరా అను."

"అచ్చయేసరా."

"అచ్చ కాదు. అక్ష."

అందరి ముందూ ఏడుసార్లు అనిపించాడు. ప్రయత్నించిన కొద్దీ ఆమె నాలుక మరింత మొద్దుబారింది. మోకు పట్టినవారిలో ఎవరో కిసుక్కుమన్నారు. దాలమ్మ ముఖం కందగడ్డ అయింది. "నీ వల్ల కాదులే, పక్కకు జరుగు" అని శాస్త్రి తానే ఒక బండ మీదికెక్కి నామం అందుకున్నాడు.

దాలమ్మ ఏటి ఒడ్డుకు పోయి ఒంటరిగా కూర్చుంది. అక్... అక్... అని తనలో తాను అనుకుంటూ ఎంతోసేపు అభ్యసించింది. తల్లి నోట విన్న మాట తప్ప మరొకటి ఆ నాలుక మీదికి రానన్నది. బిడ్డలను పిలిచినా, పశువులను అదిలించినా ఇన్నాళ్లూ అడ్డురాని నోరు, దేవుడి దగ్గరే ఎందుకు పనికిరాకపోయిందో ఆమెకు అంతుపట్టలేదు.

అక్కడ కొండ మీద పని సాగలేదు. "శ్రీమదక్షయేశ్వరా" అని శాస్త్రి సుస్పష్టంగా పలికేవాడు. అంత పొడుగు నామంలో సగంమంది మొదట గుంజితే, సగంమంది చివర గుంజేవారు. మూడు రోజులకు లింగం సగం కొండ కూడా ఎక్కలేదు. మూడోనాటి మధ్యాహ్నం పడమట మబ్బు పట్టింది. మోకు జారి లింగం రెండు బారలు వెనక్కి దొర్లింది. పోలయ్య పాదం లింగాన్ని దొర్లించే దుంగ కింద నలిగింది. అడ్డుగా రాళ్లు వేసి ఎలాగో ఆపారు గాని, వాన పడితే లింగం ఏమవుతుందో, దాని కింద ఉన్నవారు ఏమవుతారో అందరికీ తెలుసు.

పోలయ్య కేక విని దాలమ్మ ఏటి ఒడ్డు నుంచి పరుగున వచ్చి భర్త కాలికి కట్టు కట్టసాగింది. శాస్త్రి దిగివచ్చి ఆమె ఎదుట చేతులు జోడించాడు.

"అమ్మా, స్వామి నీ పిలుపుకే కదిలాడు. నా పట్టుదల ఈ మనిషి కాలు తీసింది. నీకు వచ్చినట్టే పిలువు."

దాలమ్మ తలెత్తింది. "నాను పిలిస్తే తప్పన్నారు గదా పంతులు బాబూ! రేపు గుడి కట్టినాక మళ్లీ తప్పంటే నానేటి సెయ్యాల?"

"అనను."

"అలాగైతే మీరూ మోకు పట్టండి. నానన్నట్టే అనండి."

శాస్త్రి ఉత్తరీయం నడుముకు కట్టి, పోలయ్య స్థానంలో నిలబడి మోకు పట్టాడు. దాలమ్మ గొంతెత్తింది. ఆయన నోట "అక్షయ్యా" అని వచ్చింది.

"అచ్చ, పంతులు బాబూ, అచ్చ!"

మోకు పట్టినవారంతా ఫక్కున నవ్వారు. శాస్త్రి కూడా నవ్వాడు. మరుక్షణం ఆయన గుండెనిండా గాలి పీల్చి "అచ్చయ్యా!" అన్నాడు. కొండంతా ఒక్క గొంతయింది. లింగం రాళ్ల మీద నిప్పులు రాలుస్తూ పైకి సాగింది. తొలి చినుకు రాలేసరికి స్వామి శిఖరాన నిలిచి ఉన్నాడు. ఏరు ఒడ్డులు దాటి, ఆయన పడుకున్న ఇసుకమేటను ఊడ్చుకుపోయింది. దాలమ్మ తడిసిన లింగాన్ని రెండు చేతులా కావలించుకొని, "వచ్చేసినావా అచ్చయ్యా!" అని పెద్దపెట్టున ఏడ్చింది.

ప్రతిష్ఠనాడు శాస్త్రి వేదమంత్రాలన్నీ చదివి, తొలి నామార్చన దాలమ్మ చేత చేయించాడు. ఆ ఆచారం నేటికీ తప్పలేదు. ఏటా జ్యేష్ఠ పౌర్ణమినాడు అర్చకులు మంత్రపుష్పం ముగించి మౌనం వహిస్తారు. అప్పుడు భక్తులు తమ తమ ఊళ్ల యాసలో స్వామిని పిలుస్తారు. అచ్చయ్య, అచ్చయేసుడు, అక్సయప్ప అంటూ ఎన్ని నోళ్లయితే అన్ని పేర్లు. మాటలు ఆలస్యమైన పిల్లలను, నత్తి ఉన్నవారిని, నలుగురిలో మాట్లాడడానికి జంకేవారిని ఇక్కడికి తీసుకువచ్చి ముందువరుసలో కూర్చోబెడతారు. వారి పిలుపు అందిన తరువాతనే హారతి వెలిగిస్తారు. వారు ఎంతసేపు తీసుకున్నా, పళ్లెం పట్టుకొని అర్చకులు నిలబడే ఉంటారు.