పాటకు కాస్త ముందు

సుహాస్‌కి ఆ రోజు కాళ్లు నేల మీద ఆనడం లేదు. చిత్రావతి బృందం రికార్డు మళ్లీ వస్తోంది, అదీ మేలురకం ఎల్పీగా. గిటార్లు మీటుతూ ముగ్గురు ఒక్క గొంతుగా పల్లెపదాలు పాడిన పాత రికార్డు అది. దాని టేపును శుభ్రం చేసే పని సుహాస్‌ది. స్టూడియో మాస్టారు సరేనంటే అట్ట మీద మొదటిసారి అతని పేరు పడుతుంది.

సికింద్రాబాదులో ఆ స్టూడియో నడిపే ఖాదర్ మాస్టారు ఎవర్నీ పొగిడిన దాఖలా లేదు. ఈసారి మాత్రం పొగడక ఎక్కడికి పోతారులే అనుకున్నాడు సుహాస్.

మాస్టారు కళ్లు మూసుకుని మొదటి పాట విన్నారు. మూడు గొంతులూ కడిగిన ముత్యాల్లా ఉన్నాయి. అయినా ఆయన నొసలు ముడిపడింది.

"పాటకు ముందు ఏదో ఉండాలే?"

"ఊపిరి చప్పుడండీ! ప్రతి చరణానికీ ముందు బుస్సుమని పీలుస్తున్నారు. అన్నీ తీసేశాను మాస్టారూ. ఒక్కటి మిగిలితే అడగండి!"

మాస్టారు లేచి వెళ్లి, మూలనున్న పాత స్పీకరు పెట్టె మీద చెయ్యి వేశారు. అది బీరువా అంత బరువు.

"దీన్ని ఆ గోడవైపు పెడదాం. అటు పట్టుకో. మాట్లాడకు, ఊపిరి బిగబట్టు."

ఆయనా బిగబట్టారు. మాస్టారి వైపు లేచింది, సుహాస్ వైపు లేవలేదు. ఇతను ఎత్తేసరికి ఆయన దించేశారు. పెట్టె కుంటిబల్లలా ఊగింది. సుహాస్‌కి నవ్వూ వచ్చింది, సిగ్గూ వేసింది.

"చాల్లే, ఇప్పుడు మామూలుగా ఎత్తు."

ఇద్దరూ వంగారు. ఒకరి మొహం ఒకరికి కనబడదు. పెట్టెకు ఆ పక్కన మాస్టారు బుస్సుమని ఊపిరి పీల్చారు. ఆ వెంటే సుహాసూ పీల్చాడు. పెట్టె ఇటు ఎంతో అటు అంతే లేచింది.

గోడవారగా దించాక కూడా సుహాస్ చేతులు దాని మీదే ఉండిపోయాయి. వారమంతా అతను ఏరి పారేసిన చప్పుడు అదే.

అట్ట మీది పేరు సంగతి అతనికి గుర్తే లేదు. టేపుల బీరువా తెరిచి, శుభ్రం చెయ్యని అసలు టేపు తీశాడు.

"పాట మొదటి నుంచీ మళ్లీ చేస్తాను మాస్టారూ."

మాస్టారు చెమట తుడుచుకుంటూ కుర్చీలో కూర్చున్నారు.

"దానికన్నా కాస్త ముందు నుంచి."