ఉగాదినాటి పేలుళ్లు

మనుషులు అంగారక గ్రహం మీద నేల కింద ఇళ్లు కట్టుకుని బతుకుతున్న కాలంలో, అక్కడి తెలుగువారి ఆవాసంలో పేర్రాజు అనే ఇంజనీరు ఉండేవాడు. విద్యలో ఆయనకు సాటి లేరు గాని, తన పనిని పదిమందీ చూసి మెచ్చుకోవాలన్న ఆత్రం మాత్రం విపరీతం.

ఆ గ్రహం మీద గాలి బహు పలుచన. దక్షిణ ధ్రువంలో బొగ్గుపులుసు వాయువు గడ్డకట్టి మంచులా పరుచుకుని ఉండేది. దానికి పైన, అంతరిక్షపు అంచున అణుబాంబులు పేల్చి, ఆ వేడితో మంచును ఆవిరి చేయాలని ఆవాసంవారు నిశ్చయించారు. గాలి కొంత చిక్కబడితే ఆరుబయట మొక్కలు బతుకుతాయని వారి ఆశ. భూమి నుంచి బాంబులు వచ్చాయి. మరోసారి పంపేది లేదని భూమివారు ముందే చెప్పేశారు. పేల్చే బాధ్యత పేర్రాజుకు అప్పగించారు.

ఆవాసంవారు పండుగలన్నీ భూమి పంచాంగం ప్రకారమే చేసుకునేవారు. అంగారకుడి సంవత్సరం భూమి సంవత్సరానికి దాదాపు రెట్టింపు. కనుక అక్కడ ఉగాది ఒకసారి ఎండాకాలంలో, మరోసారి చలికాలంలో వచ్చేది. నేల కింద అన్ని రోజులూ ఒకటే కాబట్టి ఎవరూ పట్టించుకునేవారు కాదు.

"ఉగాది పొద్దున పేలుస్తాను. మీరు పచ్చడి తినేసరికి ఆకాశం వెలిగిపోతుంది!" అని పేర్రాజు సభలో ప్రకటించాడు. చప్పట్లు మారుమోగాయి.

సభ ముగిశాక, వాతావరణ శాస్త్రం తెలిసిన మస్తానమ్మ ఆయనను ఆపింది. ఆమె ఆయనకన్నా పెద్దది.

"తమ్ముడూ, ఈసారి ఉగాదికి ధ్రువంలో చలికాలం మొదలవుతుంది. లేచిన ఆవిరి మళ్లీ అక్కడే గడ్డకడుతుంది. ఎండాకాలంలో అయితే ఎండ కూడా తోడై, గాలి చిక్కబడి వేడిని పట్టి ఉంచుతుంది. అప్పటిదాకా ఆగు" అంది.

"అక్కయ్యా, వెనకటికి పసిఫిక్ మీద అంతరిక్షంలో బాంబు పేలిస్తే ఎక్కడో హవాయిలో వీధిదీపాలు ఆరిపోయాయని మొన్న భయపెట్టావు. దీపాలను ఆర్పే ఆ విద్యుత్ తరంగం పుట్టడానికి కావలసినంత అయస్కాంత శక్తి భూమికి ఉంది గాని ఇక్కడ లేదు, ఆ ప్రమాదం రాదని రుజువు చేశాను. ఇవాళ చలి అంటున్నావు. రేపు దిష్టి అంటావా?"

"దీపాల సంగతిలో నీ మాటే నిజమని ఒప్పుకున్నాను కదా! ఒకదాంట్లో నెగ్గావని రెండోది వినవా?"

"మాటిచ్చేశాను. ఇప్పుడు ఆగితే అందరూ నవ్వుతారు."

"నవ్వితే నవ్వనీ. బాంబులు మిగులుతాయి."

ఆమె లెక్క పేర్రాజుకు అర్థం కాకపోలేదు. అయినా ఆయన చెవుల్లో చప్పట్లే మోగుతున్నాయి.

ఉగాది పొద్దున ఆకాశం అంచున చిన్న చిన్న సూర్యుళ్లు వెలిగి ఆరాయి. నేల కింది ఇళ్లలో తెరల మీద అది చూసి పిల్లలు కేరింతలు కొట్టారు. గాలి పీడనం చూపే ముల్లు కాస్త పైకి కదిలింది. జనం పేర్రాజును భుజాలకెత్తుకున్నారు.

కొన్ని వారాలకు ధ్రువం చీకట్లో మునిగింది. ఆవిరంతా తిరిగి మంచై రాలింది. ముల్లు మొదటి చోటికే వచ్చి ఆగింది. ఆరుబయట నాటడానికి పెంచిన నారు తొట్లలోనే ముదిరి పనికిరాకుండా పోయింది.

"నాన్నా, మళ్లీ ఎప్పుడు పేలుస్తావు?" అని కూతురు వకుళ అడిగింది.

"పేల్చడానికి ఏమీ మిగల్లేదమ్మా" అన్నాడు పేర్రాజు.

మరునాడు ఆయన సభలో నిలబడ్డాడు. "అక్కయ్య ముందే చెప్పింది. అది నిజమని నాకూ తెలుసు. మీ మెప్పు కోసం ఆగలేకపోయాను" అన్నాడు. ఈసారి ఎవరూ చప్పట్లు కొట్టలేదు, ఎవరూ నవ్వనూ లేదు.

నీతి: మనం పెట్టుకున్న ముహూర్తం కోసం ప్రకృతి తన రుతువును మార్చుకోదు, మెప్పు కోసం తొందరపడినవాడు చేతికందిన ఒక్క అవకాశాన్నీ పోగొట్టుకుంటాడు.